చేరడానికి రెండు నిమిషాలు, మానుకోవడానికి పదకొండు రోజులు: ఇది నా పొరపాటా, కంపెనీ అన్యాయమా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నాకు జరిగినది పెద్ద నష్టమేమీ కాదు. అయినా మూడు వారాలుగా అది మనసులోంచి పోవడం లేదు కాబట్టి, ఇక్కడున్న అనుభవజ్ఞుల అభిప్రాయం తెలుసుకోవాలని కాస్త వివరంగా రాస్తున్నాను.

గత ఏడాది పిల్లల చదువు కోసం ఒక ఆన్‌లైన్ సేవకు చందా కట్టాను. మొదటి నెల ఉచితమనీ, ఆ తరువాత నెలకు ఇంత అనీ పెద్ద అక్షరాల్లో ఉంది. పేరు, కార్డు నంబరు ఇచ్చాను, రెండు నిమిషాల్లో పని పూర్తయింది. ఏడాది తిరిగి వచ్చేసరికి పిల్లలకు దాని అవసరం తీరిపోయింది. రద్దు చేద్దామని నా ఖాతా తెరిస్తే ఆ మాట ఎక్కడా కనబడలేదు. సహాయం పేజీల్లో వెతగ్గా వెతగ్గా, రద్దు కోరేవారు పని వేళల్లో ఫోన్ చేయాలన్న ఒక్క వాక్యం దొరికింది. మొదటి రోజు నలభై నిమిషాలు సంగీతం విని పెట్టేశాను. రెండో రోజు మాట్లాడిన ఉద్యోగి ఎంతో మర్యాదగా, మూడు నెలలపాటు సగం ధరకే ఇస్తామన్నారు. వద్దన్నాను. అయితే వేరే విభాగానికి కలుపుతానన్నారు, కలుపుతుండగానే లైను తెగిపోయింది. ఆ సాయంత్రమే ఈమెయిల్ పంపితే, మీ అభ్యర్థన అందింది అని యంత్రం పంపే జవాబు ఒకటి వచ్చింది, అంతకు మించి ఏమీ రాలేదు.

పదకొండో రోజున ఎట్టకేలకు ఒకరు దొరికారు. రద్దు చేయవచ్చు గానీ మీ చందా మూడు రోజుల క్రితమే మరో ఏడాదికి దానంతట అదే పునరుద్ధరణ అయింది, మీది నెలనెలా చెల్లించే వార్షిక ప్లాను, కనుక మిగిలిన నెలల సొమ్ములో సగం ముందస్తు రద్దు రుసుముగా కట్టాలి అన్నారు. నేను తీసుకున్నది నెలవారీ చందా అనుకున్నాను. నెలనెలా డబ్బు పోతుంటే ఎవరైనా అలాగే అనుకుంటారు కదా. ఫోన్ పెట్టేశాక షరతులూ నిబంధనలూ మొదటిసారి పూర్తిగా చదివాను. పద్నాలుగో అంశంలో, మూడో ఉపవాక్యంలో, ఆ మాట నిజంగానే ఉంది.

మా వారు, ‘ఒప్పుకుంటున్నాను అని నొక్కింది నువ్వే కదా, ఇప్పుడు ఎవరిని అని ఏం లాభం’ అంటున్నారు. ఆ మాటలో కొంత నిజం ఉందని నాకూ తెలుసు. కానీ నేను పునరుద్ధరణకు వారం ముందే రద్దు కోసం తిరగడం మొదలుపెట్టాను. వాళ్ళు ఫోన్ ఎత్తని రోజులన్నీ నా ఖాతాలోనే పడ్డాయి. నిజంగా నా ఆవేదన డబ్బు గురించి కాదు. టికెట్టు బుక్ చేసినా, బిల్లు కట్టినా, చివరి పేజీలో ఏదో ఒక పేరుతో ఇంకో రుసుము వచ్చి చేరడం, అప్పటికి మనం అలసిపోయి కట్టేయడం ఎంత అలవాటైపోయిందంటే, ఇది అన్యాయం అని అనడానికి కూడా సంకోచించే స్థితికి వచ్చాం.

కనుక నేను అడిగేది రెండు విషయాలు. రాసి ఉన్న షరతుకు ఒప్పుకున్నాక దాన్ని అన్యాయం అనే హక్కు మనకు ఉందా? ఉంటే, ఇప్పుడు నేను చేయగలిగినదేమిటి?

సమాధానం 1

మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: ఉంది. నేను చాలా ఏళ్ళు ఒప్పందాల చట్టం బోధించాను కాబట్టి ఆ వైపు నుంచే చెబుతాను.

సంతకం పెట్టాక అంతా ముగిసినట్టే అన్న భావన సామాన్యుల్లో బలంగా ఉంది గానీ, న్యాయస్థానాలు దాన్ని అంత సులువుగా ఎన్నడూ అంగీకరించలేదు. 1956లో ఇంగ్లండ్‌లో ఒక గిడ్డంగి వివాదంలో తీర్పు చెబుతూ లార్డ్ డెన్నింగ్, కొన్ని షరతులు ఎంత కఠినమైనవంటే వాటిని ఎర్ర సిరాతో అచ్చువేసి, పక్కన ఎర్ర చేతిబొమ్మతో వేలు పెట్టి చూపిస్తే తప్ప అవతలివారికి తెలియజేసినట్టు కాదు అన్న భావం వెలిబుచ్చారు. షరతు ఎంత బరువైనదైతే దాన్ని అంత స్పష్టంగా చూపించే బాధ్యత రాసినవారి మీద ఉంటుందన్నమాట. మీ విషయంలో నెలసరి ధర పెద్ద అక్షరాల్లోనూ, ఏడాది కట్టుబాటు పద్నాలుగో అంశంలోనూ ఉన్నాయి. ఏది కొనుగోలుదారు కంటపడాలని కంపెనీ కోరుకుందో అచ్చు పరిమాణమే చెబుతోంది.

అంతకంటే మీకు దగ్గరగా ఉన్నది అదే న్యాయమూర్తి కూర్చున్న మరో కేసు, 1971 నాటి న్యాయ నివేదికల్లో ఉంటుంది. ఒక వ్యక్తి కారు నిలిపే చోటికి వెళ్ళాడు. యంత్రం టికెట్టు ఇచ్చింది. టికెట్టు మీద, లోపల ప్రదర్శించిన షరతులకు లోబడి అని చిన్న అక్షరాల్లో ఉంది. ఆ షరతుల్లో ఒకటి గాయాలకు తమ బాధ్యత లేదంటుంది. తిరిగి వచ్చి కారు తీసుకునేటప్పుడు అక్కడ జరిగిన ప్రమాదంలో ఆయన గాయపడ్డాడు. యజమానులు షరతు చూపించారు. కోర్టు ఒప్పుకోలేదు. యంత్రం ముందుకు వచ్చిన మనిషి యంత్రంతో బేరమాడలేడు, టికెట్టు చేతికి వచ్చేసరికే ఒప్పందం పూర్తయిపోయింది, ఆ తరువాత తెలిసిన షరతు అతన్ని కట్టిపడేయదు అన్నారు. మన కాలపు వెబ్ పేజీల గురించి ఆలోచించేటప్పుడు నాకు ఎప్పుడూ గుర్తుకొచ్చేది ఈ తీర్పే. ఎందుకంటే ఇందులో అసలు ప్రశ్న ఉంది: నిర్ణయం మార్చుకోగలిగిన సమయంలో ఆ విషయం మీకు తెలిసిందా, లేదా? తెలిసి ఉంటే అది ధరలో భాగం. మార్చుకోలేని చోటికి వచ్చాక తెలిస్తే దాన్ని ధర అనడం నాకు కష్టం.

ఆ తరువాత చట్టాలు కూడా ఈ దారిలోనే నడిచాయి. ఐరోపా దేశాల కూటమి 1993లో తెచ్చిన ఆదేశం ప్రకారం, విడిగా చర్చించి కుదుర్చుకోని షరతు సద్భావానికి విరుద్ధంగా ఉండి, ఇరుపక్షాల హక్కులూ బాధ్యతల మధ్య వినియోగదారుడికి నష్టం కలిగేంత అసమతుల్యతను తెస్తే, అది అన్యాయమైన షరతు, అతన్ని బంధించదు. ఆన్‌లైన్‌లో కుదిరే చందాలను ఆన్‌లైన్‌లోనే రద్దు చేసుకునే బటన్ ఉండాలని జర్మనీ 2022 జూలై 1 నుంచి నిబంధన పెట్టింది. రద్దు అందినట్టు వెంటనే రాతపూర్వకంగా తెలియజేయాలని కూడా అందులో ఉంది. భారతదేశంలో 2023 నవంబరులో వెలువడిన మార్గదర్శకాలు ఇలాంటి మోసపూరిత రూపకల్పనలను పదమూడు రకాలుగా గుర్తించాయి, చందా ఉచ్చు అనేది వాటిలో పేరుపెట్టి చెప్పిన ఒకటి. అన్నిచోట్లా ఇంత రక్షణ లేదు. అమెరికాలో ఇలాంటి నియమాన్నే 2024లో తెస్తే, దాన్ని రూపొందించిన పద్ధతిలో లోపం ఉందని అప్పీళ్ళ న్యాయస్థానం 2025 జూలైలో కొట్టివేసింది. కాబట్టి మీరుండే చోట ఏది అమలులో ఉందో చూసుకోవాలి. కానీ నొక్కింది మీరే కదా అన్న ఒక్క మాటతో వాదం ముగిసిపోయే చోటు మాత్రం నేడు చాలా తక్కువ.

సమాధానం 2

నేను అవతలి గట్టున ఉన్నవాడిని. చిన్న సేవా సంస్థ నడుపుతున్నాను, మేమూ రద్దు రుసుము తీసుకుంటాం. అందువల్ల నా మాటలు కొందరికి రుచించకపోవచ్చు.

రద్దు రుసుము అన్నంత మాత్రాన దోపిడీ కాదు. ఒకరి కోసం మా మనిషి సమయం కేటాయించి, ఇంకొకరిని వద్దని పంపించాక, మొదటివారు ఆఖరి గంటలో రాననడంతో పోయేది మా ఇంటి డబ్బే. ఏడాది కట్టుబడి ఉంటామన్న మాట మీద తక్కువ ధర ఇచ్చినప్పుడు, మూడో నెలలో వెళ్ళిపోయేవారి నుంచి ఆ తేడా అడగడమూ న్యాయమే. నా లెక్క ఒక్కటే: ఆ రుసుము నాకు నిజంగా కలిగిన నష్టానికి దగ్గరగా ఉందా? మీ విషయంలో, ఇంకొక్క విద్యార్థి తగ్గితే ఆన్‌లైన్ పాఠాల కంపెనీకి పోయేది ఏమిటో నాకు తెలియడం లేదు. మిగిలిన నెలల్లో సగం అన్న అంకెకు నష్టంతో సంబంధం ఉన్నట్టు కనబడదు. మనిషి వెళ్ళకుండా ఆపడానికి ఎంత ఉంటే చాలునో అంత పెట్టినట్టు ఉంది.

అయితే మొదటి సమాధానం ఇచ్చిన గురువుగారితో ఒక విషయంలో విభేదిస్తున్నాను. న్యాయస్థానాల మీద అంత భరోసా పెట్టుకోవద్దు. బ్రిటన్‌లో ఖాతాలో ఉన్నదానికి మించి వాడుకున్నవారి మీద బ్యాంకులు వేసే ఛార్జీల వివాదం 2009లో అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళితే, బ్యాంకులే గెలిచాయి. ఆ ఛార్జీలు బ్యాంకు ఇచ్చే సేవల మొత్తానికి చెల్లించే ధరలో భాగమనీ, ధర ఎక్కువా తక్కువా అన్న కోణంలో న్యాయబద్ధతను పరీక్షించే అవకాశం ఆ నిబంధనల కింద లేదనీ కోర్టు తేల్చింది. లక్షలమంది వాపసు కోసం ఎదురుచూస్తూ ఉండిపోయారు. అక్కడ ఇంకో సంగతి కూడా బయటపడింది. ఎక్కువమందికి ఖాతా ఉచితంగా నడవడానికి కారణం, కొద్దిమంది కడుతున్న ఆ ఛార్జీలే. జాగ్రత్తగా ఉండగలిగినవారి సౌకర్యానికి తడబడినవారు చెల్లిస్తున్నారు. నా వ్యాపారంలో నేను భయపడేది సరిగ్గా దీనికే. దాచిన రుసుము పెట్టిన పోటీదారు పైకి తక్కువ ధర చూపిస్తాడు, అంతా కలిపి ముందే చెప్పిన నేను ఖరీదైనవాడిలా కనబడతాను. నిజాయితీగా ధర చెప్పినవాడికి అది శిక్ష అవుతోంది. కనుక ఈ విషయంలో వినియోగదారులూ, నాలాంటి వ్యాపారులూ ఒకే పక్షాన ఉన్నారని నేను నమ్ముతాను.

జనం లాభానికి వ్యతిరేకులు కారు, ఇది నా అనుభవమే కాదు. 1986లో కానెమన్, నెట్ష్, థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు కెనడాలో ఫోన్ ద్వారా ప్రజలను అడిగారు. మంచు తుఫాను మర్నాడు మంచు ఎత్తే పారల ధర పెంచిన దుకాణదారు చేసినది అన్యాయమని 82 శాతం మంది అన్నారు. అదే పరిశోధనలో, దుకాణదారుకే కొనుగోలు ధర పెరిగితే ఆ మేరకు తానూ పెంచడం సమంజసమేనని అత్యధికులు ఒప్పుకున్నారు. అంటే మనిషి చిక్కుకుపోయిన సమయం చూసి పిండుకోవడాన్నే జనం తప్పుపడతారు. మీ పదకొండు రోజులూ అలాంటివే.

సమాధానం 3

అమ్మా, మీ వారు అన్నదాన్ని మనసులో పెట్టుకుని మిమ్మల్ని మీరు నిందించుకోకండి. ఇది ఒక్కరి అజాగ్రత్త కాదు. అమెరికాలో వ్యాయామశాలల సభ్యత్వాల మీద 2006లో ప్రచురితమైన డెల్లావిన్యా, మాల్మెండియర్‌ల పరిశోధన చూస్తే, నెలవారీ సభ్యులు చివరిసారి వెళ్ళిన రోజుకూ సభ్యత్వం రద్దు చేసుకున్న రోజుకూ మధ్య సగటున రెండు నెలలకు పైగా గడిచింది. మానేసినా కడుతూనే ఉన్నారు. టికెట్లు అమ్మే స్టబ్‌హబ్ సైటు 2015లో తన వినియోగదారుల్లో సగం మందికి రుసుములతో కలిపిన ధర ముందే చూపించి, మిగిలిన సగం మందికి చివరి పేజీలో మాత్రమే చూపించింది. చివర్లో చూసినవారు దాదాపు 21 శాతం ఎక్కువ ఖర్చు చేశారని ఆ ప్రయోగాన్ని విశ్లేషించినవారు తేల్చారు. అవే టికెట్లు, అవే రుసుములు, చూపించే చోటు ఒక్కటే మారింది. కాబట్టి చివరి పేజీలో అలసిపోయి కట్టేస్తున్నాం అని మీరు రాసినది అక్షరాలా నిజం.

సమాధానం 4

నేను ఆరేళ్ళు కస్టమర్ కేర్‌లో పనిచేశాను, అందులో రెండేళ్ళు రద్దు కోరేవారి ఫోన్లు తీసుకునే విభాగంలోనే. మీతో మర్యాదగా మాట్లాడిన ఆ ఉద్యోగి మీద కోపం పెట్టుకోవద్దని ముందుగా కోరుతున్నాను. మా పనిని కొలిచేది, రద్దు అడిగినవారిలో ఎంతమందిని ఆపాం అన్న లెక్కతో. మీరు వద్దన్నాక వెంటనే రద్దు చేస్తే అది మా లెక్కలో ఓటమి, ఇంకో విభాగానికి కలిపితే కాదు. లైను ఎవరో కావాలని తెంచారని నేను అనను. కానీ తెగిన ఫోన్ తరువాత తిరిగి చేయవలసిన బాధ్యత మాకు ఎవరూ పెట్టలేదు. రోజుకు అలాంటివి ఎన్ని జరిగేవో నాకు గుర్తుంది. ఒక పెద్దాయన నాలుగోసారి చేసినప్పుడు నాకు దొరికారు, ఏమీ తిట్టలేదు, ఈసారైనా అవుతుందా బాబూ అని మాత్రమే అడిగారు. ఆ ఉద్యోగం మానేయడానికి ఆ ఒక్క ఫోను కూడా ఒక కారణం.

ఇప్పుడు మీరు చేయవలసినది చెబుతాను. మీ దగ్గర ఉన్న అత్యంత విలువైన కాగితం, యంత్రం పంపిందని మీరు తేలిగ్గా తీసుకున్న ఆ జవాబే. మీ రద్దు అభ్యర్థన పునరుద్ధరణకు ముందే కంపెనీకి అందిందని కంపెనీయే తేదీతో సహా రాసి ఇచ్చిన రుజువు అది. దానిలో టికెట్ నంబరు, అంటే మీ అభ్యర్థనకు కంపెనీ ఇచ్చిన సంఖ్య, కూడా ఉంటుంది, చూడండి. మీ ఫోన్‌లో కాల్ వివరాల పేజీని ఈరోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, కొన్ని ఫోన్లలో పాతవి తొలగిపోతాయి. చేరినప్పుడు చూసిన ధర పేజీ ఇప్పటికీ అలాగే ఉంటే దాన్ని కూడా తీయండి, ఫిర్యాదు అందాక పేజీలు మారడం నేను చూశాను.

ఆ తరువాత ఫోన్ చేయవద్దు, రాయండి. మీ పత్రం పొడవుగా ఉండనక్కర లేదు. ఫలానా తేదీన రద్దు కోరాను, ఫలానా నంబరుతో మీరు అందినట్టు తెలిపారు, పునరుద్ధరణ ఆ తరువాత జరిగింది, కనుక రద్దు తేదీని నా అభ్యర్థన తేదీగా నమోదు చేసి, పునరుద్ధరణ పేరుతో తీసుకున్న సొమ్ము తిరిగి ఇవ్వండి అని రాయండి. దానితోపాటు పునరుద్ధరణకు ముందు నాకు పంపిన నోటీసు ప్రతిని పంపండి అని అడగండి. ఆ నోటీసు పంపకపోయి ఉంటే వాళ్ళ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. పంపి ఉంటే అందులో ఏడాది కట్టుబాటు అన్న మాట ఎంత స్పష్టంగా ఉందో మీకే తెలుస్తుంది. ఆలోచిస్తున్నాను, వీలైతే, దయచేసి పరిశీలించగలరు వంటి మాటలు రాయవద్దు. మా విభాగంలో అలాంటి లేఖను సందేహంలో ఉన్న వినియోగదారు అనే గుర్తుతో పక్కన పెట్టేవాళ్ళం. జవాబుకు గడువు తేదీ ఇచ్చి, ఆ తేదీ దాటితే ఫిర్యాదుల అధికారికీ, ఆపైన వినియోగదారుల వేదికకూ వెళతానని రాయండి, రాశాక వెళ్ళండి.

చాలామంది పొరబడే చోటు ఇంకొకటి ఉంది. కార్డు నుంచి ఆటోమేటిక్‌గా డబ్బు పోకుండా బ్యాంకులో ఆపించవచ్చు, ఆపించండి కూడా. కానీ చెల్లింపు ఆగినంత మాత్రాన ఒప్పందం రద్దయినట్టు కాదు. రద్దు కోరినట్టు రాతపూర్వక రుజువు లేకుండా కార్డు మాత్రమే ఆపిస్తే, కంపెనీ దాన్ని బకాయిగా చూపించి వసూలుకు పంపే ప్రమాదం ఉంది. ముందు లేఖ, తరువాత బ్యాంకు. ఇప్పటికే తీసుకున్న సొమ్ము మీద కార్డు ఇచ్చిన బ్యాంకులో వివాదం నమోదు చేయవచ్చు, దానికి గడువు ఉంటుంది కాబట్టి కంపెనీ జవాబు కోసం నెలల తరబడి ఎదురుచూడకండి.

సగం తిరిగి ఇస్తాం అని వాళ్ళు ముందుగా అనవచ్చు. ఆ మాట చెప్పే అధికారం మొదటి మెట్టులో ఉన్న ఉద్యోగికే ఉంటుంది, పూర్తిగా ఇచ్చే అధికారం పై మెట్టులో ఉంటుంది. మీరు సగానికి ఒప్పుకుంటే ఫైలు అక్కడే మూసేస్తారు.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఇక్కడ చదివిన రాత్రే పాత ఈమెయిళ్ళు వెతికాను. ఆ జవాబు పునరుద్ధరణకు ఆరు రోజుల ముందటి తేదీతో ఉంది, కింద టికెట్ నంబరు కూడా ఉంది. దాన్ని ఎన్నిసార్లు చూసి ఉంటానో, అది నా వైపు సాక్ష్యమని ఒక్కసారీ తోచలేదు. నాలుగో సమాధానంలో చెప్పిన తీరులోనే పత్రం రాసి, పది రోజుల గడువు ఇచ్చి పంపాను.

ఐదో రోజున సగం తిరిగి ఇస్తామన్న జవాబు వచ్చింది. ఒప్పుకోనని రాసి, నోటీసు ప్రతి ఇంకా అందలేదని గుర్తుచేశాను. తొమ్మిదో రోజున వేరే పేరుతో మరొకరు రాశారు. నోటీసు ప్రస్తావన అందులో లేదు. సంస్థ సద్భావనతో ఈ ఒక్కసారికి మినహాయింపుగా పూర్తి సొమ్ము తిరిగి ఇస్తోందని ఉంది. నిన్న డబ్బు ఖాతాలో పడింది.

మా వారు ఇక వదిలేయమన్నారు. డబ్బు వచ్చింది కాబట్టి ఆయన మాటా సబబే. కానీ మినహాయింపు అన్న పదం దగ్గర నేను ఆగిపోయాను. వ్యాపారం చేస్తున్న సోదరుడు చెప్పినట్టు తడబడినవారి నుంచి వచ్చే సొమ్ముతోనే ఇదంతా నడుస్తుంటే, నాకు ఇచ్చినది దయ అని ఒప్పుకున్న క్షణాన, ఆ ఈమెయిల్ దాచుకోనివారందరి దగ్గరా తీసుకున్నది సక్రమమేనని ఒప్పుకున్నట్టు అవుతుంది. అందుకని ఈ ఉదయం మరో పత్రం పంపాను. సొమ్ము అందిందని ధన్యవాదాలు తెలిపి, దీన్ని మినహాయింపుగా కాక, నా అభ్యర్థన అందిన తేదీకే రద్దు అమలైనట్టుగా రికార్డులో నమోదు చేసి ఆ ప్రతిని పంపమని అడిగాను. ఖాతా పేజీలో రద్దు బటన్ ఎందుకు లేదో కూడా జవాబు ఇవ్వమన్నాను. ఇదే విషయాన్ని వినియోగదారుల వ్యవహారాల అధికారులకు ఫిర్యాదుగా కూడా సిద్ధం చేస్తున్నాను, నా సొమ్ము కోసం కాదు, ఆ పేజీ కోసం. జవాబు వచ్చిన రోజున ఇక్కడే రాస్తాను.